మనసు నిండా గుబులు పెట్టుకుని ఆనందించమంటే ఎలా అక్కా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి, కష్టంలో ఉన్నప్పుడు విశ్వాసి మొహం ఎలా పెట్టుకోవాలి అని. అందుకే నాలుగు ఉత్తరాలు ఏరి పెట్టాను. పేర్లు తీసేశాను, పెద్దవాటిని కుదించాను, ఎవరూ ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది పల్నాడు వైపు పల్లెటూరు. మూడెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేశాం. పూత మీద ఉండగా నల్లతామర పురుగు పడింది, ఎన్ని మందులు కొట్టినా ఆగలా, పూతంతా రాలిపోయింది. కౌలు ముందే కట్టేశాం, మందుల షాపులో బాకీ, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది వేరే. సంఘంలో స్త్రీల కూడికకి వెళ్తే లేచి సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు, చెప్పమంటారు, "ఎల్లప్పుడూ ఆనందించుడి అని వాక్యం ఉందిగా, మొహం అట్లా పెట్టుకుంటే ఎట్లా" అంటారు. పక్కింటి వాళ్లకి సొంత మాగాణి ఉంది, ఈ మధ్యనే స్లాబ్ ఇల్లు వేశారు. గృహప్రవేశం ప్రార్థనకి పిలిస్తే వెళ్లి పాట కూడా పాడొచ్చా గానీ లోపల కుళ్లుకుంటూనే ఉన్నా. ఇట్లాంటి హృదయంతో ప్రార్థన చేస్తే దేవుడు వింటాడా? ఆనందం ఎక్కడి నుంచి తెచ్చుకోమంటారు? — పల్నాడు జిల్లా సోదరి

జవాబు: చెల్లీ, ముందు ఆ కుళ్లు సంగతి చూద్దాం, నిన్ను పంట కంటే అదే ఎక్కువ తినేస్తున్నట్టుంది. బైబిల్లో 73వ కీర్తన తీసి చదువు. మొదటి వచనంలోనే శుద్ధహృదయుల యెడల దేవుడు దయాళుడు అని ఉంటుంది. చాలామంది అక్కడ ఆగి ఆమెన్ అనేస్తారు. రెండో వచనంలో ఆ కీర్తన రాసిన ఆసాపు నా కాళ్లు జారడానికి కొంచెమే తక్కువైంది అంటాడు, మూడో వచనానికి వచ్చేసరికి భక్తిహీనులు బాగుండటం చూసి నేను మత్సరపడ్డాను అని ఒప్పేసుకుంటాడు. మత్సరం అంటే నువ్వు రాసిన కుళ్లే. వాళ్లు పుష్టిగా ఉన్నారు, వాళ్లకి ఇబ్బందులు లేవు, ఆస్తి పెంచుకుంటున్నారు అని లెక్క మీద లెక్క చెప్పి, 13వ వచనంలో నేను హృదయం శుద్ధి చేసుకోవడం వ్యర్థమే అన్నంత దూరం పోతాడు. ఈ మాటలన్నీ అన్నవాడిని దేవుడు బయటికి గెంటేయలేదు, ఆయన పాటని కీర్తనల గ్రంథంలో పెట్టించాడు. ఆయన మనసు మారింది 17వ వచనంలో, దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక. అంటే కుళ్లు కడిగేసుకుని గుడికి వెళ్లలేదమ్మా, కుళ్లుతోనే వెళ్లాడు, అక్కడ తగ్గింది.

కాబట్టి శుద్ధ హృదయం అంటే లోపల చెడ్డ ఆలోచన ఒక్కటి కూడా రాని హృదయం అని నువ్వు అనుకుంటుంటే అది నీకు నాకు ఎవరికీ ఉండదు. దేవుడి ముందు ఒక మొహం, లోపల ఇంకో మొహం లేకపోవడమే శుద్ధత అని నేను నమ్ముతా. "ప్రభువా, వాళ్ల స్లాబ్ చూస్తే నాకు కడుపు మండుతోంది" అని మోకాళ్ల మీద ఉండి నోరు తెరిచి చెప్పేయ్. "పక్కింటి వారిని ఆశీర్వదించు తండ్రీ" అనే ప్రార్థన తర్వాత చేద్దువు గానీ, ముందు ఇది చెప్పు.

ఇక ఆ "ఎల్లప్పుడూ ఆనందించుడి" వాక్యం. ఇది కష్టంలో ఉన్నవాళ్ల మీదకి రాయిలా విసరడం మన సంఘాల్లో మామూలైపోయింది, నాకు అస్సలు నచ్చదు. అది ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయంలో ఉంది, పౌలు సంకెళ్లలో ఉండి రాసింది. సరే, బంధకాల్లో ఉండి ఆనందించమన్నాడు, గొప్ప మాటే. కానీ అదే పత్రిక రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే తమ్ముడు జబ్బుపడి చావు దాకా వెళ్లొచ్చిన సంగతి రాస్తూ, దేవుడు అతన్ని కనికరించాడు, నాకు దుఃఖం మీద దుఃఖం రాకుండా నన్ను కూడా కనికరించాడు అంటాడు. మూడో అధ్యాయంలో ఏడుస్తూ ఈ సంగతి చెప్తున్నాను అంటాడు. ఏడ్చాడు, భయపడ్డాడు, ఆ కాగితం మీదే ఆనందించండి అని కూడా రాశాడు. ఇంకో సంగతి చూడు, ఆ ఎపఫ్రొదితు ఊరికే రాలేదు, ఫిలిప్పీ సంఘం వాళ్లు పౌలు అవసరానికి పంపించిన సాయం పట్టుకుని వచ్చాడు. మీరు మళ్లీ నా గురించి ఆలోచించారని ప్రభువునందు చాలా సంతోషించాను అని ఆయనే రాశాడు. మీ కూడికలో నీకు ఆనందించమని చెప్పిన అక్కలు ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే, అమ్మా, ఆ వాక్యం చెప్పేముందు ఒక బియ్యం బస్తా పట్టుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లిరండి.

పైరు పోయినవాళ్ల కోసం బైబిల్లో ఇంకో చోటు ఉంది, హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం చివర. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు కాయకపోయినా, ఒలీవచెట్లు కాపు లేకపోయినా, చేలో పైరు పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు. మన ఇళ్లల్లో గోడ క్యాలెండర్ల మీద ఈ వచనమే ఉంటుంది. దానికి పైన ఉన్న 16వ వచనాన్ని మాత్రం ఎవరూ అచ్చు వేయరు. అందులో ఆయన నా పెదవులు వణుకుతున్నాయి, నా ఎముకలు కుళ్లిపోతున్నాయి, నా కాళ్లు వణుకుతున్నాయి అంటాడు. కాళ్లు వణుకుతున్న మనిషే ఆనందిస్తాను అన్నాడు, వణుకు తగ్గే దాకా ఆగలేదు. పోయినవాటిని కూడా మొత్తంగా "నష్టం వచ్చింది ప్రభువా" అని ఒక్క మాటలో సరిపెట్టలేదు, చెట్టు పేరు, పైరు పేరు, గొర్రెలు, పశువులు అన్నీ విడివిడిగా చెప్పుకున్నాడు. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక నోటు పుస్తకం తీసుకుని నువ్వూ అలాగే రాయి. నారు డబ్బులు, కౌలు, మందులు, కోతకి పిలుద్దాం అనుకున్న కూలీలకి చెప్పిన మాట, పిల్లకి కుట్టిద్దాం అనుకున్న లంగా, ఏది పోతే అది రాయి. అన్నీ రాశాక కింద "అయినా" అని రాయగలిగితే రాయి, రాయలేకపోతే ఆ లైను ఖాళీగా వదిలేయ్. రేపు రాద్దువు గానీ తొందరేం లేదు.

సాక్ష్యం మాట, లేచి నిలబడి "పంట పోయింది, నా కోసం ప్రార్థన చేయండి" అంటే అది కూడా సాక్ష్యమే, మొహమాటపడకు.

ఇంకొకటి, ఇది భక్తి సంగతి కాదు కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కౌలు రైతులకి పంట సాగుదారు హక్కు పత్రం అని ఒకటి ఉంది, సీసీఆర్సీ కార్డు అంటారు, 2019 చట్టం కింద ఇస్తారు, 11 నెలలు పనిచేస్తుంది, దాని వల్ల భూమి సొంతదారు హక్కుకి ఏ ఇబ్బందీ లేదు. అది లేకపోతే నష్టపరిహారం గానీ బ్యాంకు పంట రుణం గానీ కౌలుదారు చేతికి రావడం చాలా కష్టం. సొంతదారు సంతకానికి జంకుతాడు, మీ సంఘం పాస్టరు అయ్యగారినో ఊరి పెద్దనో వెంటబెట్టుకుని వెళ్లి అడగండి. వచ్చే పంటకైనా రైతు సేవా కేంద్రంలో కనుక్కుని ఆ పని చేయించుకోండి. మూడు రూపాయల వడ్డీ తీర్చడానికి ఇంకో చోట ఐదు రూపాయల వడ్డీకి మాత్రం తేకండి తల్లీ.

ప్రశ్న: అక్క గారూ, నాకు బాబు పుట్టి ఐదో నెల. పెళ్లైన ఆరేళ్లకి పుట్టాడు, అందరూ బైబిల్లో బిడ్డ కోసం ఏడ్చి ప్రార్థించిన హన్నాలా నా ప్రార్థన ఫలించింది అంటున్నారు. కానీ నాకు ఏమీ అనిపించడం లేదు. వాడు పడుకున్నా నాకు నిద్ర రాదు, ఊరికే ఏడుపొస్తుంది, ప్రార్థనకి కూర్చుంటే మాట రాదు. ఒక్కోసారి నేను లేకపోతేనే అందరికీ బాగుంటుంది అనిపిస్తోంది. అత్తగారు విశ్వాసం తగ్గింది, ఉపవాసం ఉండు అంటున్నారు. నేను కృతజ్ఞత లేని దాన్నా? — విజయవాడ

జవాబు: కాదమ్మా, నీకు ఒంట్లో బాలేదు. కాన్పు తర్వాత కొంతమంది తల్లులకి ఇలాంటి దిగులు జబ్బు వస్తుంది, దానికి డాక్టర్లు ఉన్నారు, మందు ఉంది, తగ్గుతుంది. బిడ్డకి పాలిస్తున్నా అని డాక్టరుకి చెప్తే దానికి తగ్గ మందే ఇస్తారు. నేను లేకపోతే బాగుంటుంది అని రాశావు చూడు, ఆ మాట ఇవాళే మీ ఆయనకో మీ అమ్మకో నోరు విప్పి చెప్పు, ఒంటరిగా ఉండకు. నువ్వు రాసింది చూసిన వెంటనే నీ నంబరుకి ఫోన్ చేశాను, ఎత్తావు, సంతోషం, కానీ ఇలాంటి ఇబ్బందిలో ఉన్న వేరే చెల్లెళ్లు చదువుతారని ఇక్కడ కూడా రాస్తున్నా. 14416 అని టెలీ మానస్ నంబరు ఉంది, ప్రభుత్వానిదే, 2022 నుంచి నడుస్తోంది, డబ్బులేమీ తీసుకోరు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లో పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. బాబుకి టీకాలకి వెళ్లినప్పుడు ఆశా కార్యకర్తకి చెప్పినా దారి చూపిస్తుంది.

ఉపవాసం మాత్రం వద్దు. అత్తగారికి చదివి వినిపించు, మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. కర్మెలు కొండ మీద అగ్ని దింపిన ఏలీయా, ఆ వెంటనే యెజెబెలు రాణి బెదిరింపుకి పరిగెత్తి, బెయేర్షెబాలో పనివాణ్ణి వదిలేసి, అరణ్యంలో ఒక్కడే చెట్టు కింద కూలబడి ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. అంతటి ప్రవక్త! దేవుడు ఆయనకి విశ్వాసం గురించి క్లాసు పీకలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి భోజనం చెయ్ అన్నాడు, తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా వచ్చి, ప్రయాణం నీ శక్తికి మించింది, లేచి తిను అనే అన్నాడు. హోరేబు కొండ, మెల్లని స్వరం, ఆ పెద్ద మాటలన్నీ తర్వాత. కాబట్టి రాత్రి ఒక పూట బాబుని అత్తగారి దగ్గర పడుకోబెట్టి నువ్వు నాలుగైదు గంటలు ఆపకుండా పడుకో, మూడు పూటలా వేడిగా తిను, డాక్టరుని కలువు. ప్రార్థనలో మాట రాకపోతే ఊరికే కూర్చో, హన్నాకి కూడా షిలోహు మందిరంలో గొంతు బయటికి రాలేదు, పెదవులు మాత్రమే కదిలాయి, యాజకుడు ఏలీ చూసి తాగి వచ్చిందనుకున్నాడు. హన్నా పేరు ఎత్తే వాళ్లు అది కూడా గుర్తుపెట్టుకోవాలి కదా.

ప్రశ్న: అక్కా, నేను కోనసీమ నుంచి కువైట్ వచ్చి ఇంట్లో పనికి చేస్తున్నా, ఏడేళ్లు. పంపిన డబ్బంతా మా ఆయన పేకాటకీ మందుకీ పోశాడు, పాప స్కూలు ఫీజు కట్టలేదని ఈ మధ్యే తెలిసింది. ఇప్పుడు ఫోన్‌లో ఏడ్చి క్షమించు, ప్రార్థన చేసుకుంటున్నా, మారిపోయా, మళ్లీ పంపు అంటున్నాడు. క్షమించకపోతే నా హృదయం శుద్ధి కాదని ఇక్కడ సిస్టర్లు అంటున్నారు. శుక్రవారం ఆరాధనకి కూడా మేడం పంపదు, చుట్టాలు వస్తారంటది. — కువైట్ నుంచి ఒక చెల్లి

జవాబు: క్షమించు, డబ్బులు పంపకు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు.

ఆదికాండంలో యోసేపుని చూడు. అన్నలు గుంటలో పడేసి అమ్మేసిన మనిషి. వాళ్లు కరువులో ధాన్యానికి, తను అధికారిగా ఉన్న ఐగుప్తు వచ్చినప్పుడు మొహం చూసి కరిగిపోయి నేనే మీ తమ్ముణ్ణి అని ఎగిరి కౌగిలించుకోలేదు. పక్కకి వెళ్లి ఏడ్చాడు, మొహం కడుక్కుని వచ్చాడు, షిమ్యోనుని బంధించి ఉంచాడు, చిన్న తమ్ముణ్ణి తీసుకురమ్మన్నాడు, ఆఖరికి బెన్యామీను గోనెలో తన వెండి గిన్నె పెట్టించి వీళ్లు ఈ తమ్ముణ్ణి కూడా వదిలేసి పోతారా అని పరీక్ష పెట్టాడు. యూదా ముందుకొచ్చి వాడికి బదులు నేను దాసుడిగా ఉంటా అన్నాక అప్పుడు బయటపడ్డాడు. అప్పటిదాకా యోసేపు హృదయం శుద్ధిగా లేదని మీ సిస్టర్లు అంటారా? ఆయన పగ పెట్టుకోలేదు, కానీ మారారో లేదో చూడకుండా గిడ్డంగి తాళాలు కూడా ఇవ్వలేదు. డెబ్బై ఏళ్ల మార్లు, అంటే డెబ్బై సార్లు ఏడు, క్షమించమని పేతురుకి యేసు చెప్పింది నిజమే, అన్నిసార్లూ పర్సు కూడా అప్పజెప్పమని ఆయన అనలేదు.

పని మాట చెప్తా. నీ పేరు మీదే బ్యాంకు ఖాతా తెరువు, ఏటీఎం కార్డు నీ దగ్గరే ఉండాలి. పాప ఫీజు నేరుగా స్కూలు ఖాతాకి కట్టు, రసీదు వాట్సాప్‌లో తెప్పించుకో. ఇంటి ఖర్చు మీ అమ్మకో అత్తకో నెలనెలా ఇంత అని పంపు. మీ ఆయనకి "నిన్ను క్షమించాను, సంవత్సరం చూస్తాను" అని చెప్పు. నిజంగా మారిన మనిషైతే దానికి కోపం తెచ్చుకోడు, తెచ్చుకుంటే నీకు జవాబు దొరికినట్టే. కోపం ఇంకా రగులుతుంటే దాని మీద సిగ్గుపడకు. ఏడేళ్ల కష్టం అది. రోజూ ఆ కోపాన్ని దేవుడి దగ్గర పెట్టు, మళ్లీ తీసుకుంటావు, మళ్లీ పెట్టు.

శుక్రవారం సంగతికి వస్తే, కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసేవాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది, వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వాలని అందులో ఉంది. మేడంతో గొడవ పెట్టుకోమని కాదు, శుక్రవారం కుదరకపోతే వేరే రోజు ఇమ్మని అడుగు, నీ హక్కు అని తెలిసి అడగడం వేరు, బతిమాలడం వేరు. అస్సలు ఇవ్వకుండా ఇబ్బంది పెడితే మన ఎంబసీ వాళ్లకి చెప్పు.

ప్రశ్న: కష్టంలో పాటలు పాడుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడం కాదా? నాకు ఉద్యోగం పోయి నాలుగు నెలలు, పాట పాడేటప్పుడు బాగానే ఉంటుంది, అయిపోగానే ఈఎంఐ గుర్తొస్తుంది. — హైదరాబాద్ తమ్ముడు

జవాబు: పాట ఈఎంఐ కట్టదు తమ్ముడూ, కడుతుందని ఎవరైనా చెప్తే నమ్మకు. అయితే ఏ పాట పాడుతున్నావు అన్నది కూడా ఉంది. అంతా బాగుంది అని పాడే పాటలే పాడితే మోసం చేసుకున్నట్టే ఉంటుంది, నిజమే. కీర్తనల గ్రంథంలో ఉన్న 150 పాటల్లో చాలా భాగం మొర పెట్టుకునేవే, 13వ కీర్తన ఎన్నాళ్లు నన్ను మర్చిపోతావు అని మొదలవుతుంది, ఆరో వచనానికల్లా పాడతాను అంటాడు, 88వది అయితే మొదట్నుంచి చివరి దాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటే. అలాంటివి కూడా పాడుకో. మన తెలుగు నేల మీద ఈ పద్ధతి కొత్తేమీ కాదు, గోల్కొండ చెరసాల్లో ఉన్న భద్రాచల రామదాసు తన రాముడితో సీతమ్మ పతకానికి ఎన్ని వరహాలు పట్టాయో లెక్క చెప్పి మరీ దెబ్బలాడాడు, మన మతం కాకపోయినా ఆ చనువు చూస్తే నాకు ముచ్చటేస్తుంది, మన ప్రార్థనల్లో అంత చనువు ఏదీ!

అందరూ పౌలు సీలలు అర్ధరాత్రి జైల్లో పాడారు, భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి అని చెప్తారు. అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయం కొంచెం నెమ్మదిగా చదువు. బెత్తాలతో కొట్టించుకుని, కాళ్లు బొండలో, అంటే ఖైదీల కాళ్లు బిగించే కొయ్యలో, ఇరుక్కుని, గాయాలు ఎవరూ కడగకుండానే పాడారు వాళ్లు. పాడినందుకు గాయాలు మానిపోలేదు, ఆ రాత్రే తర్వాత జైలరు నీళ్లు తెచ్చి కడిగాడు, ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాడు. తెల్లారాక అధికారులు గుట్టుగా వెళ్లిపొమ్మని కబురు పెడితే పౌలు కదల్లేదు. మేం రోమా పౌరులం, విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి ఇప్పుడు చాటుగా పంపిస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు భయపడి వచ్చి బతిమాలారు. రాత్రి పాడిన మనిషే పొద్దున ఆ మాట అన్నాడు, కాబట్టి నువ్వు పాట అయ్యాక ఫైనల్ సెటిల్‌మెంట్ గురించి మీ హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు, బ్యాంకుకి వెళ్లి ఈఎంఐ వాయిదా ఏమైనా కుదురుతుందేమో అడుగు, కంతు తప్పాక వెళ్లడం కంటే ముందే వెళ్తే వాళ్లు కాస్త వింటారు. ఇంట్లో వాళ్లకి ఉద్యోగం పోయిన సంగతి చెప్పావా లేదా రాయలేదు. చెప్పకపోతే మెయిల్ కంటే ముందు ఆ పని చెయ్.